అటక మీద బాస్మతి వాసన

ఈ నెల వచ్చిన ఉత్తరాలన్నీ రాత్రివే. వానలు పట్టాయి, వరద వచ్చిపోయింది, ఎలుక ఇంట్లో దూరింది, దాని వెనకాల దాన్ని తినేవి కూడా వచ్చాయి. మీరు గాభరా పడి నాకు రాశారు. అటవీ శాఖలో ముప్పయ్యేళ్లు చేసి, చివరి రోజులన్నీ కోరింగ మడ అడవుల్లో బురద తొక్కినవాణ్ణి కనుక నాకు తెలిసింది చెబుతాను. ఊళ్ల పేర్లు మాత్రమే వేస్తున్నాం, మనుషుల పేర్లు వేయడం లేదు. కారణం కిందికి వెళ్తే మీకే తెలుస్తుంది.

ప్రశ్న: మాది పాత మండువా ఇల్లు. నెల రోజులుగా రాత్రి పదకొండు దాటాక అటక మీద ఎవరో బరువుగా నడుస్తున్నట్టు చప్పుడు. కాసేపటికి ఏదో దొర్లుతుంది. పొద్దున చూస్తే వసారా గచ్చు మీద సపోటా గింజలు కుప్పగా పడి ఉంటున్నాయి. ఒక్కో రాత్రి బాస్మతి అన్నం ఉడుకుతున్న వాసన వస్తోంది. మేం వండేది సోనా మసూరి. మా మామగారికి బాస్మతి అంటే ప్రాణం, ఆయన పోయి మూడేళ్లయింది. అత్తగారు రోజూ అటక వైపు తిరిగి దణ్ణం పెడుతున్నారు. ఏం చేయమంటారు? – ఓ కోడలు, అంబాజీపేట

అమ్మా, మీ అత్తగారి మాట తీసిపారేయకండి. సగం నిజం. ఆ బాస్మతి వాసన ఉన్నదే, మీ ముక్కుకేం కాలేదు. మీ అటక మీద ఉన్నది మానుపిల్లి. పేరుకి పిల్లి గానీ పిల్లి జాతి కాదు. పొడుగు ఒళ్లు, కళ్ల చుట్టూ ముసుగేసుకున్నట్టు నలుపు, ఒంటి పొడుగంత నల్లతోక. తోక కింద గ్రంథుల్లోంచి వచ్చే వాసన మంచి బియ్యం ఉడికినట్టే ఉంటుంది. బెంగాలీలు ఆ వాసన చూసే గంధగోకుల్ అని పేరు పెట్టారు. మన గీత కార్మికులకు ఇది బాగా తెలుసు. తాటిచెట్టెక్కి, లొట్టిలో మూతి పెట్టి కల్లు తాగిపోతుంది. సపోటా, జామ, ఈతపండు ఏదైనా మింగి గింజలు గింజల్లాగే వదిలేస్తుంది. మీ వసారాలో కుప్ప అదే. ఇండోనేషియాలో దీని చేత కాఫీ పళ్లు తినిపించి, ఆ గింజలు ఏరి, కడిగి, వేయించి బోలెడు ధరకి అమ్ముతారు. అందుకని మీ సపోటా గింజలు దాచుకోనక్కర్లేదు, ఊడ్చేయండి.

దాన్ని వెళ్లగొట్టడంలో నేను చేసిన పొరపాటు మీరు చేయకండి. ఉద్యోగంలో చేరిన కొత్తలో మా ఇంటి అటకా ఇలాగే నడిచేది. నాకు అన్నీ తెలుసన్న ధీమా. ఓ ఆదివారం మధ్యాహ్నం నిచ్చెన వేసుకుని ఎక్కి, చూరు దగ్గర పెంకు జారిన సందు కనిపెట్టి, సిమెంటు పెట్టి మూసేసి, చేతులు కడుక్కుని భోజనానికి కూర్చున్నాను. అది రాత్రి తిరిగే జంతువు, పగలు పడుకుంటుంది. నేను మూసినప్పుడు లోపలే నిద్రపోతోంది, పక్కన మూడు పిల్లలు. చీకటి పడేసరికి గోకుడు మొదలైంది. పదింటికి అటక చెక్క ఒకటి ఊడింది. తల్లి సరాసరి సామాన్ల గదిలో ఆవకాయ జాడీ మీద పడింది. ఆ ఏడాది ఆవకాయ మొత్తం నేలపాలు. పైన పిల్లలు కీచుమంటుంటే ఇది ఎర్రటి కాళ్లతో గదంతా తొక్కుతోంది. మా ఆవిడ తలుపు గొళ్లెం పట్టుకుని నిలబడి ఒక్క మాట అంది: "అడవి శాఖ వారిల్లు కదండీ, అడవే వచ్చింది." ఆ మాట ఇప్పటికీ మా చుట్టాలందరూ నాకు అప్పజెబుతుంటారు.

ఇక మీ సంగతి. చూరు దగ్గర సందు వెతకండి. నాలుగు వేళ్ల వెడల్పు చాలు దానికి. సాయంత్రం ఆ సందు కింద, దూలం మీద ముగ్గుపిండి పల్చగా చల్లండి. తెల్లారి చూస్తే అడుగులుంటాయి. మామూలు పిల్లి అడుగులో నాలుగు వేళ్లే పడతాయి, దీనికి ఐదు. అడుగులు బయటికి వెళ్లినట్టుంటే రాత్రి వేళ పైన ఒకసారి టార్చి వేసి పిల్లలున్నాయేమో చూడండి. ఉంటే రెండు మూడు నెలలు ఓపిక పట్టండి, పెరిగి తల్లితో పాటు అవే పోతాయి. లేకపోతే అది బయటికి వెళ్లాక, రాత్రి పూటే, ఇనప జల్లెడ వల కొట్టించండి. ఇంటి మీదికి వంగిన సపోటా కొమ్మ నరికించడం మరిచిపోవద్దు, దాని మెట్లదారి అదే.

మీ ఉత్తరం అడుగున చిన్నక్షరాలతో, ఇది తిరుపతి పునుగు పిల్లేనా, పడితే డబ్బులొస్తాయా అని మీ వారు అడిగించినట్టున్నారు. కాదని చెప్పండి. శ్రీవారి అభిషేకం తర్వాత వాడే పునుగు తైలం వేరే జంతువుది. అది నేల మీద తిరుగుతుంది, తోక మీద పట్టీలుంటాయి. ఏది పట్టినా డబ్బులు రావు, కేసు వస్తుంది.

ప్రశ్న: నా డేగ పుంజుని ఎవరో ఎత్తుకుపోయారు. 14 నెలలు బాదంపప్పు పెట్టి పెంచానండీ. గూడు దగ్గర నాలుగు ఈకలు తప్ప ఏమీ లేదు. నక్కో, ముంగిసో, పిల్లో తెలియడం లేదు. మాంసంలో పురుగుమందు గుళికలు కలిపి పెడదామనుకుంటున్నాను. ఎన్ని గ్రాములు కలపాలి? – ఒక రైతు, భీమవరం దగ్గర

డేగని బాదంపప్పు పెట్టి ఎందుకు పెంచారో నేనడగను, మీరూ చెప్పొద్దు. సంక్రాంతికి మనం విడిగా మాట్లాడుకుందాం.

గ్రాముల లెక్క నా దగ్గర దొరకదు. గుళికలు పెట్టిన మాంసం ముందు తినేది మీ వీధి కుక్క. తర్వాత కాకి, గద్ద. వాటిని పీక్కుతినేవీ పోతాయి. దొంగ మాత్రం ఆ రాత్రి ఇంకో ఊళ్లో ఉంటుంది. గూటి చుట్టూ కరెంటు తీగ చుట్టే ఆలోచన కూడా ఉంటే ఇప్పుడే మానండి. తెల్లవారుజామున నీళ్లు పెట్టడానికి పొలం వెళ్లే మనిషే దాని మీద కాలేస్తాడు.

దొంగని పట్టాలంటే గూడు చూడాలి. ముంగిసని వదిలేయండి, దాని పని పగలే, రాత్రి నిద్రపోతుంది. కోడి అక్కడే చచ్చిపడి, మెడ దగ్గర కాటుంటే మానుపిల్లో, జంగుపిల్లో అయ్యుండొచ్చు. గుడ్లూ పిల్లలూ మాయమై పెట్ట బతికుంటే జెర్రిపోతు. పుంజు మొత్తం పోయి, ఈకలు ఒక గీతలా పొలం గట్టు దాకా రాలితే నక్క. మీరు నాలుగే ఈకలున్నాయన్నారు. గట్టు దాకా నడిచి చూశారా? గట్టు వైపు ఒక్క ఈకా రాలకుండా, గూడు గడియ తీసి ఉంటే రెండు కాళ్ల నక్క. మీ వైపు పుంజు ధరలు విన్నాక నాకు ముందు వచ్చిన అనుమానం అదే.

నాలుగు కాళ్లదే అయితే గూటి అడుగున అర అడుగు చెక్క, చుట్టూ సన్న కంతల ఇనప వల. వలని అడుగు లోతున నేలలో పాతిపెట్టాలి. నక్క దూకేదాని కన్నా తవ్వేది ఎక్కువ. ఇంకోటి, కోళ్లకేసిన నూకలు రాత్రి గూటి ముందు మిగలకూడదు. నూకలకి పందికొక్కు వస్తుంది, పందికొక్కుకి నక్క వస్తుంది. వచ్చాక దానికి మీ డేగ కనిపిస్తుంది.

ప్రశ్న: మా చేపల చెరువు గట్టు మీద రాత్రి రెండింటికి మచ్చల జంతువు కూర్చుంది. కుక్క కన్నా చిన్నది, పిల్లి కన్నా చాలా పెద్దది. టార్చి వేస్తే పారిపోకుండా చూసింది. కాపలావాడు చిరుత పిల్ల అంటున్నాడు, తల్లి దగ్గర్లో ఉంటుందని పనికి రావడం మానేశాడు. ఉచ్చు వేయిద్దామా? – తాళ్లరేవు

మీ కాపలావాణ్ణి తప్పు పట్టను. 2024 సెప్టెంబరులో రాజమండ్రి పక్కన దివాన్‌చెరువు దగ్గర, ఆ తర్వాత కడియం నర్సరీల్లో చిరుత తిరిగిన దగ్గర్నుంచి ఈ చుట్టుపక్కల మచ్చలున్న ప్రతిదీ చిరుతే అయిపోయింది. కానీ మీరున్నది తాళ్లరేవు. కోరింగ అభయారణ్యం మీ పెరడు. 1978 నుంచి అభయారణ్యంగా ఉన్న ఆ 235 చదరపు కిలోమీటర్ల మడల్లో నీటిపిల్లి ఉంది. కొందరు బావురుపిల్లి అంటారు. మీ గట్టు మీద కూర్చున్నది అదే.

తేడా ఇలా పట్టండి. చిరుత తోక నేలని తాకేంత పొడుగు, దీని తోక ఒంట్లో సగం కూడా ఉండదు, లావుగా మొద్దులా ఉంటుంది. చిరుత మచ్చ గులాబీ రేకులు పరిచినట్టు మధ్యలో ఖాళీగా ఉంటుంది. దీని మచ్చ సిరా చుక్క, వరసలు కట్టి ఉంటుంది, నుదుటి మీద నిలువు చారలు. వేళ్ల మధ్య కొంచెం చర్మం ఉంటుంది, గోళ్లు పూర్తిగా లోపలికి ముడుచుకోవు. అందుకని బురదలో అడుగు చూస్తే గోటి గుర్తులు పడొచ్చు, అది చూసి కుక్క అనుకునేవాళ్లూ ఉన్నారు.

ఇది చేప పట్టడం నేను ఒక్కసారే కళ్లారా చూశాను. పోటు తీసే వేళ, కాలువ ఒడ్డున తిల్ల చెట్టు వేళ్ల మధ్య మా పడవ ఆపి ఉంది. మోటారు కట్టేశాం. పది అడుగుల దూరంలో బురద మీద కూర్చుని, ముందు కాలితో నీటిని మెల్లగా తట్టింది, పురుగు పడ్డట్టు. ఆగింది. మళ్లీ తట్టింది. అలా ఎంతసేపో. నా పక్కన పడవ సరంగు ఊపిరి బిగబట్టాడు, దోమ నా చెవి మీద కూర్చున్నా నేను తోలలేదు. మూడోసారో నాలుగోసారో తట్టి, తలతో సహా నీళ్లలోకి పోయింది. పిల్లి నీళ్లలో మునగడం అప్పటిదాకా నేను నమ్మేవాణ్ణి కాదు. పైకొచ్చేసరికి నోట్లో జానెడు చేప అడ్డంగా కొట్టుకుంటోంది. అప్పుడు మా వైపు చూసింది. మిమ్మల్ని చూసినట్టే, పారిపోకుండా.

మనిషి మీదికి రాదు. దారి మూస్తే మాత్రం గుర్రుమంటుంది, దూరంగా ఉండమనండి. ఉచ్చు మాట ఎత్తకండి. 1972 వన్యప్రాణి చట్టంలో ఇది మొదటి షెడ్యూలు జంతువు, చంపితే మూడేళ్లకి తగ్గకుండా జైలు. మీ నష్టం కూడా లెక్కేసుకోండి: అది తినేది చేపలే కాదు, పీతలూ ఎలుకలూ కూడా. గట్లకి బొరియలు తవ్వే ఎలుక మీకు చేప కన్నా ఎక్కువ నష్టం చేస్తుంది. అసలు అది గట్టెక్కడానికి కారణం నాకు తెలుసు. చచ్చిన చేపని మీ కుర్రాళ్లు ఏరి గట్టు మీదే పారేస్తారు. గొయ్యి తీసి పూడ్పించండి. గుంపుగా వచ్చి, ఈలలు వేసుకుంటూ, సగం తిన్న చేపలు వదిలి వెళ్తే మాత్రం అవి నీటికుక్కలు. వాటికి గట్టు చుట్టూ వల కట్టాల్సిందే, అది ఖర్చే.

ప్రశ్న: మా ఇంటి పక్క పాడుబడ్డ డాబాలో చావుపిట్ట చేరింది. రాత్రి గొంతు కోసినట్టు అరుస్తోంది. మా నాన్నగారికి ఒంట్లో బాలేదు. శాంతి చేయించాలా? – రావులపాలెం

నాన్నగారిని డాక్టరుకి చూపించండి. చావుపిట్టంటే గుడ్లగూబే, ఎలుకల కోసం వచ్చింది. ఎలుకలు పట్టే బుట్టలవాడికి ఇచ్చే డబ్బులు మీకు మిగిలాయి. ఆ అరుపు వినలేకపోతే కిటికీ మూయండి.

ప్రశ్న: మాది పి.గన్నవరం వైపు లంక. వరద తీశాక ఇంట్లో రెండు పాములు కనిపించాయి. అందరం కిందే పడుకుంటాం. వెల్లుల్లి, ఉప్పు, ఫినాయిలు చల్లితే రావంటున్నారు. మూడూ చల్లాం. ఇప్పుడు భయం లేదు కదా? – ఓ తల్లి

భయం ఉందమ్మా. వెల్లుల్లి పచ్చడికి, ఉప్పు అన్నానికి. పాము వాటికి ఆగదు.

2022 జూలైలో ధవళేశ్వరం దగ్గర 25 లక్షల క్యూసెక్కులు దాటి, మూడో ప్రమాద హెచ్చరిక 17.75 అడుగులు మించి గోదావరి వచ్చినప్పుడు నేను రిటైరై ఊళ్లోనే ఉన్నాను. ఏటిగట్టు మీద జనంతో పాటు పడుకున్నాను. రాత్రి టార్చి వేస్తే ఒకే ఇసుక బస్తా మీద తాచు, దానికి మూరెడు దూరంలో జెర్రిపోతు, మధ్యలో కప్ప. దేన్నీ ఏదీ ముట్టలేదు. కప్ప గొంతు మాత్రం ఎగురుతోంది. అన్నిటికీ పొడి నేల కావాలి, మనకీ అదే కావాలి. నీరు తీశాక బొరియలన్నీ బురదతో పూడిపోయి ఉంటాయి. ఎలుక మీ బియ్యం బస్తా కిందికి వస్తుంది, పాము ఎలుక వెనకాల వస్తుంది.

నేను భయపడేది తాచుకి కాదు, కట్లపాముకి. తాచు బుసకొట్టి చెబుతుంది. కట్లపాము నల్లగా, సన్నటి తెల్ల కట్లతో ఉంటుంది. తల వైపు కట్లు మసకగా, తోక వైపు స్పష్టంగా. దాన్ని పోలిన విషం లేని పాముకి ఇది తిరగబడి ఉంటుంది, తల వైపు స్పష్టం, తోక వైపు మసక. చీకట్లో ఈ లెక్కలు పెట్టుకోవద్దు, దేన్నైనా విషప్పామనే అనుకోండి. కట్లపాము రాత్రి తిరుగుతుంది, పక్కలోకి వస్తుంది. నిద్రలో మనం కదిలితే కరుస్తుంది. నొప్పి దాదాపు ఉండదు, దోమ కుట్టిందనుకుని అటు తిరిగి పడుకుంటారు. గాటు కనపడకపోవచ్చు. తెల్లవారుజామున కడుపునొప్పి, వాంతి. తర్వాత కనురెప్పలు వాలిపోతాయి, మింగుడు పడదు, మాట ముద్దగా వస్తుంది. కింద పడుకున్న మనిషి తెల్లారి కడుపునొప్పి అని లేచి, రెప్పలు ఎత్తలేకపోతే సోడా పట్టకండి. 108కి ఫోన్ చేయండి.

కట్టు బిగించొద్దు, కోయొద్దు, నోటితో పీల్చొద్దు. కాలో చెయ్యో కదలకుండా కర్ర ఆసరా పెట్టి తీసుకెళ్లండి. పామును చంపి సంచిలో తేనక్కర్లేదు. ప్రభుత్వాసుపత్రిలో ఇచ్చే విరుగుడు ఇంజెక్షన్ ఒక్కటే తాచుకీ, కట్లపాముకీ, రక్తపింజరికీ, చిన్నపింజరికీ పనిచేస్తుంది. మంత్రం వేస్తే బతికారంటారు. కరిచిన పాముల్లో చాలా వాటికి విషమే ఉండదు, ఆ పేరు మంత్రగాడికి వచ్చింది.

ఈ రాత్రి చేయాల్సింది ఒకటే. దోమతెర కట్టి, అంచులు పరుపు కిందికి నాలుగు వైపులా బాగా దోపండి. దోమతెర పాముకి కూడా తెరే. మంచం ఉంటే పిల్లల్ని మంచం మీద వేయండి, దుప్పటి నేలకి వేలాడకూడదు. తలగడ పక్కన టార్చి. బియ్యం బస్తాలు పడక గదిలోంచి తీసి గోడకి జానెడు దూరంగా చెక్క మీద పెట్టండి. వాకిట్లో కొబ్బరి డొక్కల కుప్ప ఉందని మీరు రాయలేదు గానీ, లంకలో లేకుండా ఉండదు. రేపే తీయించండి.

ప్రశ్న: మా మామ్మ రాత్రి పూట పాము అనకూడదు, పురుగు అనాలి అంటుంది. పాము అంటే వస్తుందట. నిజమా తాతగారూ? – ఏడో తరగతి, యానాం

పాముకి మనలాగ బయటికి చెవులు లేవు నాన్నా, నేల అదురు మాత్రం దానికి బాగా తెలుస్తుంది. అందుకే చీకట్లో కాలు గట్టిగా వేసి నడవమంటాను. మామ్మ మాట కాదనకు, ఇంట్లో పురుగనే అను.

ఒక్క చోట మాత్రం వద్దు. మా దగ్గరి బంధువుల్లో ఒకాయన్ని ఇలాగే వానాకాలం రాత్రి కరిచింది. ఆయన భార్య ఆస్పత్రిలో "పురుగు ముట్టిందండీ" అంది. అక్కడున్న కుర్ర సిస్టరు నిజంగా పురుగే అనుకుని దురదకి ఇంజెక్షన్ చేసి బల్ల మీద కూర్చోబెట్టింది. గంట సేపటికి ఆయన రెప్పలు వాలిపోతుంటే ఎవరో పెద్ద నర్సు దాటి వెళ్తూ చూసింది. ఐదు రోజులు గొట్టం మీద ఊపిరి పీల్చి ఇంటికి వచ్చాడు. ఇప్పటికీ ఆవిడ పాము అనదు, పురుగే అంటుంది. అందుకని మామ్మకి నువ్వే నేర్పు: ఆస్పత్రి గుమ్మం దాటగానే పాము, పాము, పాము అని మూడుసార్లు అరవాలి.